కాగజ్‌నగర్‌కు పోయిన స్వెటర్లు

మేం ముగ్గురం ఆడపిల్లలం. పెద్దది శంకరవ్వ. నడిపిదాన్ని నేను, బాలలక్ష్మిని. చిన్నది లసుము. లసుము మా ఇంట్లో ఉన్నది ఏడాదిన్నరే. ఆ తర్వాత పదిహేనేళ్లు మా కన్నతల్లి, మా అవ్వ చంద్రవ్వ దానికోసం ఏం చేసిందో నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

జమ్మికుంటలో మా బాపు లక్ష్మీరాజం మగ్గం నేసేవాడు. అవ్వ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. బాపుకు ఒక్కతే అక్క, సక్కుబాయి. ఆమె భర్త పర్శరాములు కాగజ్‌నగర్‌లో కాయితం మిల్లులో పనిచేసేవాడు. పెళ్లయి పన్నెండేళ్లయినా వాళ్లకు పిల్లలు కలగలేదు. 1952 మాఘమాసంలో సక్కుబాయత్త మా ఇంటికి వచ్చి వారం రోజులుంది. ఆ వారమంతా లసుము ఆమె ఒళ్లోనే ఉంది. ఎనిమిదో రోజు పొద్దున ఆమె బయలుదేరుతుంటే మా బాపు, ముందుగా ఎవరితో ఏమీ అనుకోకుండానే, "అక్కా, పిల్లను తీస్కపో. ఇగ అది నీ బిడ్డనే" అన్నాడు.

అవ్వ పొయ్యి దగ్గర ఉంది. ఆమె దిక్కు ఎవరూ చూడలేదు. కాసేపటికి ఆమే లేచి, పిల్ల బట్టలు మూట కట్టి, తల దువ్వి, చంకనెత్తుకుని స్టేషన్ దాకా నడిచింది. రైలు కిటికీలోంచి పిల్లను అందుకుంటూ సక్కుబాయత్త అంది:

"చంద్రవ్వా, ఏమనుకోకు. ఐదేండ్లదాక నువ్వు మా దిక్కు రావొద్దు. నిన్ను సూస్తే పిల్ల నా దగ్గర నిలువది."

అవ్వ తలూపింది. "సలి జాగర్త వదినె" అని మాత్రం అంది.

ఆ పిల్ల పేరు మార్చి నర్మద అని పెట్టుకున్నారని నెల తర్వాత తెలిసింది. ఆ పేరు పలకడానికి మా అవ్వకు ఆ వానాకాలమంతా పట్టింది.

మా వాడకట్టులో హనుమండ్లు అనే ఆయన ఉండేవాడు. మేం నేసిన చీరెలు మూటగట్టుకుని రైల్లో కాగజ్‌నగర్ దాకా పోయి అమ్ముకుని వచ్చేవాడు. దసరా దాటినాక ఆయన వస్తే అవ్వ వాకిట్లోనే ఆపింది.

"పిల్లను సూసినవా?"

"సూసిన వదినె. మంచిగున్నది. జర దగ్గు లేసింది. గక్కడి సలి మన సలి అసొంటిది గాదు. పొద్దెక్కేదాక ఇంట్లకెల్లి బయటికి రారు."

అవ్వ ఆ రోజంతా కండెలు తప్పుగా చుట్టింది. తెల్లవారి గొర్రెలు కాసే కురుమ వాళ్ల ఇంటికి పోయి, గొంగళ్లకు వడికిన ఉన్ని కొంచెం అడిగి తెచ్చింది. తెచ్చిందే గాని దాన్ని ఏం చేయాలో తెలియదు. చెంపకు ఆనించి చూసుకుంది. గరుకుగా గుచ్చుకుంది. పిల్ల ఒంటికి ఇది పనికిరాదని అటక మీద పెట్టేసింది.

ఎలీసబెతు టీచరమ్మ మా ఇంటికి వచ్చింది ఆ చలికాలమే. ఆమె మిషన్ బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. భర్త అబ్రహాం రైల్వేలో పాయింట్స్‌మన్, పట్టాల పక్కన క్వార్టరు. వాళ్ల గుడిలో, అంటే చర్చిలో, బల్లమీద పరిచే గుడ్డకు లేసు అల్లాలని, మగ్గం దగ్గర మిగిలిపోయిన నూలు కోసం వచ్చింది. చంకలో ఆమె కూతురు మగ్దలేన ఉంది, రెండేళ్ల పిల్ల. ఆ పిల్ల తలకు ఎర్రటి ఊలు టోపీ, ఒంటికి ఎర్రటి స్వెటరు. అవ్వ నూలు ఇవ్వడం మరిచిపోయి, ఆ స్వెటరు అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది ఏ మగ్గం మీద నేసిండ్రమ్మా?"

"మగ్గం లేదు, ఏం లేదు చంద్రవ్వా. రెండు సలాకలు, నా పది వేళ్లు" అని నవ్వింది టీచరమ్మ.

"నాకు నేర్పుతవా?"

అడిగిన తీరు చూసి ఆమె నవ్వు ఆపింది. "ఎవరికోసం?" అంది. అవ్వ మగ్దలేన తలమీద చెయ్యి పెట్టి, "గింతే ఉంటది" అంది. టీచరమ్మ మర్నాటి నుంచే నేర్పడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం బడి వదిలాక గంటసేపు. మొదట ఊలు ముట్టుకోనివ్వలేదు. కొక్కెం సూది ఒకటి చేతికిచ్చి, మా ఇంటి నూలుతోనే గొలుసు అల్లించింది. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగడం, అంతే. దారం అవ్వ వేళ్లకు కొత్తది కాదు. మూడు రోజుల్లో గొలుసు వచ్చింది, వారానికి గుండ్రంగా తిప్పి పువ్వు వేసింది. టీచరమ్మ గుడిబల్ల గుడ్డకు ఒక వైపు లేసంతా అవ్వే అల్లిచ్చింది.

సలాకల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తిప్పలు పడింది. బాపు వెదురు చీల్చి, నున్నగా గీకి, నూనె రాసి రెండు సలాకలు చేసి పెట్టాడు. వాటి మీద కుట్లు ఎక్కించడం వరకు బాగానే ఉంది. తర్వాత ప్రతి కుట్టూ ఉడుంపట్టు పట్టేది. మగ్గం ముందు పెరిగిన మనిషి, పోగు తెగినచోట బిగించి ముడి వేయడం అలవాటు. ఇక్కడ అలా బిగిస్తే రెండో వరుసకు సలాక దూరదు.

"బిగియ్యకు చంద్రవ్వా" అనేది టీచరమ్మ. "గిది మగ్గం పోగు గాదు. దానికి ఊపిరాడనియ్యి."

"వదులు జేస్తే జారిపోతదని భయమైతది టీచరమ్మా."

"జారిపోదు. జారినా మళ్ల పట్టుకోవచ్చు, గిట్ల" అంటూ ఆమె కావాలనే ఒక కుట్టు వదిలేసి, అది నిచ్చెన మెట్లలా నాలుగు వరుసలు కిందికి జారిపోయాక, కొక్కెం సూదితో ఒక్కొక్క మెట్టే ఎక్కించి మళ్లీ సలాక మీద పెట్టి చూపించింది. అవ్వ ఆ పనిని ఆ సాయంత్రం ఇరవై సార్లు చేసింది. మాకు అన్నం పెట్టడం ఆలస్యమైంది.

ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా. అంచుకు మాత్రం రెండు సీదా, రెండు ఉల్టా. అప్పుడది సాగుతుంది, మళ్లీ ఒంటిని పట్టుకుంటుంది. చంక దగ్గర రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తే వెడల్పు తగ్గుతుంది. ఇవన్నీ నేను పక్కన కూర్చుని వింటూ వింటూ నేర్చుకున్నాను. నాకెవరూ నేర్పలేదు.

ఊలు ఎక్కడిది అంటే, మిషన్‌కు పెట్టెల్లో వచ్చే పాత బట్టల్లో ఎవరో దొర వేసుకున్న నీలం స్వెటరు ఒకటి టీచరమ్మ తెచ్చింది. ఇద్దరూ దాన్ని విప్పారు. విప్పిన దారం వంకరటింకరగా ఉంటుంది. దాన్ని కుంకుడు రసంలో ఉతికి, రాయి కట్టి దండెం మీద వేలాడదీస్తే రెండు రోజులకు సాఫయింది.

కొలతకు మగ్దలేన. టీచరమ్మ కూతురుది, మా లసుముది ఇంచుమించు ఒకే వయసు. అవ్వ ఆ పిల్లను పిలిచి, జేబులో బెల్లంముక్క పెట్టి, వీపును జానతో కొలిచి, భుజం నుంచి మణికట్టు దాకా ఒక నూలుపోగు ఆనించి ముడి వేసుకునేది. కొలిచాక పిల్లను వెంటనే వదిలేది కాదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడేది.

మొదటి స్వెటరు 1953 కార్తీకంలో హనుమండ్లు మూటలో కాగజ్‌నగర్ పోయింది. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్నా వేలెడు పొడుగు. అవ్వకు తెలుసు. విప్పి మళ్లీ అల్లుదామంటే రైలు టైమైంది.

ఆయన తిరిగి వచ్చాక అవ్వ అడిగింది. "సరిపోయిందా?"

"సరిపోయిందన్నది అక్క."

"చెయ్యి ఎందాక వచ్చింది? మణికట్టు దాకనా, చేతి ఏళ్లు మూసుకపోయినయా?"

"నేను సూల్లే వదినె. అక్క తీస్కొని లోపట పెట్టింది."

ప్రతి ఏడూ ఇంతే. ప్రతి ఏడూ ఒక స్వెటరు పోయేది. ప్రతి ఏడూ 'సరిపోయింది' అనే ఒక్క మాట వచ్చేది. నీలం తర్వాత ఆకుపచ్చ, తర్వాత తెలుపు, తర్వాత వరంగల్ నుంచి తెప్పించిన కుంకుమరంగు. కుట్లు అరవై నాలుగు నుంచి డెబ్బై రెండుకు, ఎనభైకి పెరిగాయి. మా లసుము అలా సలాకల మీద పెరిగింది మా ఇంట్లో.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు కోపంగా ఉండేది. శంకరవ్వకు, నాకు చలికాలం బాపు నేసిన దుప్పటే. ఊలంతా ఇంట్లో లేని పిల్లకు పోయేది. 1956లో, మన రాష్ట్రం ఆంధ్రతో కలిసిన నెలలో, అవ్వ నీళ్లకు పోయినప్పుడు అటకమీది కుంకుమరంగు స్వెటరు తీసి వేసుకున్నాను. నాకు తొమ్మిదేళ్లు. అది పట్టలేదు, బలవంతంగా దూర్చుకున్నాను. అవ్వ బిందెతో గుమ్మంలోకి వచ్చి చూసింది. కొడుతుందనుకున్నాను. బిందె దించి, దగ్గరికి వచ్చి, నా మణికట్టు దగ్గర వేలు పెట్టి, "నీకు గీడిదాక వచ్చింది. మూడేండ్ల తర్వాత దానికి గింత పొడుగు కావాలె" అని లెక్క వేసుకుంది. తర్వాత మెల్లగా విప్పి మడత పెట్టింది. కొట్టినా బాగుండేదని నేను చాలా రోజులు అనుకున్నాను.

ఐదేళ్లయ్యాయి. బాపు కార్డు రాయించాడు, చంద్రవ్వను ఒకసారి పంపిస్తానని. జవాబు రాలేదు. ఇంకో కార్డుకు, 'పిల్ల బడికి పోతున్నది, ఇంకో రెండేండ్లు ఆగుండ్రి' అని వచ్చింది. అదే ఏడు అబ్రహాంకు దోర్నకల్ బదిలీ అయింది. టీచరమ్మ సామాను బండికెత్తేనాడు అవ్వ మగ్దలేనను చివరిసారి కొలిచింది. ఆ తర్వాత కొలతకు ఎవరూ లేరు. బడికి పోయే పిల్లలను వాకిట్లో నిలబడి చూసేది, ఏడేళ్లు, ఎనిమిదేళ్లు ఎవరికుంటాయా అని. ఎవరి పిల్లనైనా ఊరికే పిలిచి కొలిస్తే ఏమంటారోనని భయపడి కంటితోనే కొలిచేది.

1960 డిసెంబరులో, మేం అడగకుండానే, పర్శరాములు మామ కార్డు వచ్చింది. సక్కుబాయికి కామెర్లు ముదిరాయి, మంచం దిగడం లేదు, చంద్రవ్వను పంపమని. బాపుకు మగ్గం మీద పని ఉంది. అవ్వ, నేను రైలెక్కాం. మంచిర్యాల దాటాక చలిగాలి కిటికీల్లోంచి కొట్టసాగింది. అవ్వ మూటలో ఆ ఏటి స్వెటరు, పసుపుపచ్చది, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మిల్లు వాళ్ల ఇళ్ల వరుసలో మూడోది. తలుపు తీసిన పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. అవ్వ అనుకున్నదాని కన్నా చాలా పొడుగు. ముక్కు మా బాపుది. దుకాణంలో కొన్న బూడిదరంగు స్వెటరు వేసుకుంది. లోపలికి తిరిగి, "ఆయీ, జమ్మికుంట అత్తమ్మ వచ్చింది" అని అరిచింది. ఆ దిక్కు మరాఠీ కలిసిన మాట. తల్లిని ఆయి అంటారు.

అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది. మేనమామ భార్య అత్తమ్మే కదా. పిల్ల తప్పుగా ఏమీ అనలేదు.

సక్కుబాయత్త ఒళ్లంతా పసుపెక్కి ఉంది. రెండు రోజులు అవ్వ చేతి గంజి తాగింది గాని, కళ్లలోకి చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం, పిల్ల బడికి పోయాక, మంచం కింది ట్రంకుపెట్టె లాగమంది. మూత తీస్తే వేపాకు వాసన. ఎండు వేపాకుల మధ్య మా అవ్వ పంపిన స్వెటర్లు ఏడూ మడత మీద మడత ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ, తెలుపు, కుంకుమరంగు, అన్నీ. నీలంది ఒక్కటే కాస్త వాడినట్టుంది.

"అన్నిట్ల మొదటిది తొడిగిన" అంది సక్కుబాయత్త గోడ వైపు చూస్తూ. "రెండు నెలలు ఇప్పనియ్యలే. ఇప్పితే ఏడుపు. దానిమీద మొకం పెట్టి పండేది. నాకు భయమైంది చంద్రవ్వా. గీ పిల్ల ఎన్నటికీ నాది గాదేమో అనిపించింది. అప్పటికెల్లి ఏది వచ్చినా పెట్టెల పెట్టిన. బయట పారెయ్య చేతులు రాలే."

నేనైతే అరిచేదాన్ని. అవ్వ నీలం స్వెటరు తీసి, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి పక్కపక్కన పెట్టి చూసింది. "ఎడమది పొడుగైందని నేను ఫికర్ పడ్డ" అంది.

"మడిచిన" అంది సక్కుబాయత్త. "రెండు మడతలు మడిచి తొడిగిన." అని ఏడ్చింది.

మేం అక్కడ ఇరవై ఆరు రోజులున్నాం. నర్మద బడి నుంచి వచ్చి ఆ పెట్టె చూసింది. "గివన్ని ఎవరియి అత్తమ్మా?" అని అడిగింది.

"నీయే."

"ఎవరల్లిండ్రు?"

"నేనే."

"ఎందుకు?"

"సలి పెడ్తదని."

పిల్ల ఒక్కొక్కటే ఒంటికి ఆనించి చూసుకుని నవ్వింది. అన్నీ చిన్నవైపోయాయి. ఆ పసుపుపచ్చది కూడా చేతులు పొట్టిగానే ఉంది. అవ్వే అంది, ఇవన్నీ విప్పుదాం, విప్పి నీకు ఒక పెద్దది అల్లుదాం, అల్లడం నువ్వే నేర్చుకో అని.

నర్మద మోకాళ్ల మీద చేతులు చాపి కూర్చుంటే, అవ్వ దారం విప్పుతూ ఆ చేతులకు చుట్టేది. ఒక్కో స్వెటరు విప్పడానికి ఒక సాయంత్రం. తర్వాత సలాకలు పట్టించింది. పిల్ల వెనక కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపి, దాని వేళ్ల మీద తన వేళ్లు పెట్టి కుట్లు ఎక్కించింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ పిల్లను ముట్టుకోవడం అదే. నేను ఎదురుగా ఉన్నాను. అవ్వ గడ్డం పిల్ల తలమీద ఆని ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాయి, వేళ్లు మాత్రం కదులుతున్నాయి.

"బిగియ్యకు బిడ్డా" అంది. "వదులు, వదులు."

నర్మద నాకన్నా తొందరగా నేర్చుకుంది. జనవరిలో సక్కుబాయత్త లేచి నడిచేనాటికి వెనక భాగం సగం దాకా వచ్చింది. రంగురంగుల పట్టీలు. మిగతాది తానే పూర్తి చేస్తానంది. మేం బయలుదేరేనాడు సక్కుబాయత్త అవ్వ చెయ్యి పట్టుకుని, "ఏడాదికోసారి రా" అంది. అవ్వ ప్రతి ఏడూ పోయింది. అత్తమ్మలాగే పోయింది, అత్తమ్మలాగే వచ్చింది.

1967 వేసవిలో నర్మద పెళ్లి. కాగజ్‌నగర్‌లోనే చేశారు. పిల్లవాడు బల్లార్షాలో రైల్వే ఉద్యోగి. ముందురోజు ఇంటినిండా చుట్టాలు. వెనక వంటపాకలో అవ్వ పప్పు ఏరుతుంటే, నేను చాట అందిస్తున్నాను. నర్మద వచ్చి మా మధ్య కూర్చుంది. చేతులకు పసుపు ఆరలేదు.

"నాకు ఎర్కే" అంది. "పన్నెండేండ్లప్పుడే పక్కింటామె చెప్పింది."

అవ్వ పప్పు ఏరుతూనే ఉంది.

"ఆమె నాకు ఆయి. నిన్ను అవ్వా అంటే ఆమెది ఏం పోతది?"

"పోతది" అంది అవ్వ. "పోతది బిడ్డా. నువ్వు తనదానివి గావేమోనని పదిహేనేండ్లు భయపడ్డ మనిషి. రేపు పందిట్ల పీటమీద ఆమెనే కూసుంటది. నువ్వు నోరు జారొద్దు."

"పందిట్ల గాదు. గిక్కడ. ఒక్కసారి." అని నర్మద ఆమె చెవి దగ్గరికి వంగి, "అవ్వా" అంది.

అవ్వ చేతిలో పప్పు చాటలోకి జారింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నర్మద చెంప తుడిచి, "ఇగ పో. ఎతుకుతరు" అంది. మర్నాడు పందిట్లో పీట మీద సక్కుబాయత్త కూర్చుంటే, మా అవ్వ అక్షింతల పళ్లెం పట్టుకుని వెనక నిలబడింది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తిరుగు రైల్లో బాపు ఉన్నట్టుండి, "నేను నిన్ను అడగకుండనే ఇచ్చిన" అన్నాడు.

"అడిగితే ఇయ్యకపోదునేమో, ఇద్దునేమో, గిప్పుడు నాకే తెల్వదు" అంది అవ్వ. "ఒక్కమాట అడిగేదుండె." బాపు తలవంచుకున్నాడు. రామగుండం వచ్చేదాకా ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు అలాగే ఉన్నారు.

ఆ మాఘమాసంలో బల్లార్షా నుంచి నర్మద కార్డు వచ్చింది. ఐదో నెల. పుట్టబోయే పిల్లకు మేజోళ్లు అల్లుతున్నాను, కాలు దాకా వచ్చింది, మడమ దగ్గర ఎట్లా తిప్పాలో తెలియడం లేదు, రాసి పంపమని. అవ్వకు అక్షరాలు రావు. ఆమె చెబుతుంటే నేను రాయాలి. కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"కుట్లల్ల సగం పక్కకు పెట్టుమను. తీసిన సగాన్ని... ఎడమచేతి సలాక మీద... కాదు, ఆగు" అంటూ చేతులు గాలిలో తిప్పింది. "మల్ల రాయి. మొదటి కుట్టు ఇడిచి, రెండోది..." చేతులు తిరుగుతున్నాయి, మాట రావడం లేదు. మూడుసార్లు కొట్టేశాను. కార్డు సగం నిండిపోయింది.

అవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "రాస్తే రాదు గది" అంది. "రమ్మని రాయి."

అలాగే రాశాను. పదిహేను రోజులకు నర్మద వచ్చింది, నాలుగు రోజులుంది. మడమ తిప్పడం గంట పని. మా అవ్వ దాన్ని నాలుగు రోజులు నేర్పింది.